ఈ రూపాయి ఎవరి చేతికి? బెంగళూరులో నెల సరుకులు న్యాయంగా కొనడం ఎలా

మా నాన్న ధర్మవరంలో మగ్గం నేసేవారు. షావుకారు పడుగు, పట్టు, జరీ ఇచ్చేవాడు. చీర కోసి తీసుకెళ్లి ఇస్తే కూలి లెక్కగట్టి చేతిలో పెట్టేవాడు. ఆ చీర చివరికి ఎంతకు అమ్ముడయ్యేదో మాకెప్పుడూ తెలియదు. ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం చిక్‌పేటకు వెళ్లి, అచ్చం మా ఇంట్లో నేసే రకం చీర ధర అడిగాను. ఆ అంకె విని దుకాణం మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను. నాన్నకు ముట్టిన కూలికీ ఈ ధరకీ మధ్య ఎన్ని చేతులున్నాయి, ఎవరి వాటా ఎంత అన్న లెక్క అప్పటి నుంచి నా తలలో తిరుగుతూనే ఉంది.

ఆ లెక్క తెలుసుకోవాలన్న పట్టుదలతోనే మా ఇంటి కొనుగోళ్లను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చాను. చేసిన పొరపాట్లు చాలానే ఉన్నాయి. ఇప్పుడు బెంగళూరులో మనలాంటి జీతగాళ్ల ఇల్లు ఈ పని ఎలా మొదలుపెట్టవచ్చో, ఎక్కడ మోసపోయే వీలుందో చెబుతాను. ఈ పద్ధతిని ఫెయిర్ ట్రేడ్ అంటారు, అంటే న్యాయమైన వ్యాపారం. అది దానం కాదు. పండించినవాళ్లకు, నేసినవాళ్లకు, కుట్టినవాళ్లకు గిట్టుబాటు ధర, సకాలంలో డబ్బు, ధర నిర్ణయించడంలో వాళ్లకూ ఒక మాట ఉండటం. పిల్లలతో పని చేయించకపోవడం, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వడం కూడా అందులోనివే.

మొదటి మెట్టు: ఒక నెల చీటీలు దాచండి

ఏ వస్తువు మార్చాలో ఆలోచించే ముందు ఒక నెలపాటు ఏం కొన్నారో రాసిపెట్టండి. కిరాణా బిల్లులు ఒక డబ్బాలో వేయండి, ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపుల జాబితా నెలాఖరున ఒకసారి చూడండి. మా ఇంట్లో ఇలా చూసినప్పుడు నేననుకున్నదానికీ నిజానికీ పొంతన లేదు. నేను పండగ చీర గురించి, పిల్లల బొమ్మల గురించి ఆలోచిస్తున్నాను. డబ్బు మాత్రం పాలు, కూరగాయలు, బియ్యం, పప్పులు, కాఫీపొడి, ఆటోల మీద పోతోంది.

మళ్లీ మళ్లీ కొనేవాటిలోంచి నాలుగో ఐదో ఎంచుకోండి, అంతకంటే ఎక్కువ వద్దు. ఒకేసారి ఇల్లంతా మార్చేద్దామని మొదలుపెట్టి, మూడో వారానికి విసుగొచ్చి మానేసినవాళ్లను చాలామందిని చూశాను. మొదటిసారి నేనూ అంతే.

నిత్యం కొనేవే ఎందుకంటే, రైతుకైనా నేతగాడికైనా ఏడాదికోసారి వచ్చే పెద్ద గిరాకీ కంటే నెలనెలా తప్పకుండా వచ్చే చిన్న గిరాకీ ఎక్కువ అక్కరకొస్తుంది. మగ్గం ఆగకుండా ఆడాలంటే పండగ రద్దీ ఒక్కటే సరిపోదు. పండగ పోయాక రెండు నెలలు పని లేకపోతే ఇంట్లో అప్పు ఎలా మొదలవుతుందో నేను దగ్గర నుంచి చూశాను.

రెండో మెట్టు: ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ముందువైపు పొలం బొమ్మ, నవ్వే రైతు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు. వెనకవైపు చిన్న అక్షరాల్లో చట్టం ప్రకారం వేయాల్సినవి కొన్ని ఉంటాయి. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, వినియోగదారు సంప్రదించాల్సిన వివరాలు తప్పనిసరి. ఆ రెండు మూడు లైన్లు చదవడమే ఈ మెట్టు.

చూడాల్సిన మొదటి సంగతి, ఈ సంస్థ ఎవరిది? పేరు చివర 'ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్' అని ఉంటే అది పండించేవాళ్ల సొంత కంపెనీ. 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి తెచ్చిన రకం ఇది. ఉత్పత్తిదారులే ఇందులో సభ్యులు, మామూలుగా ఎన్ని వాటాలున్నా ఒకరికి ఒకే ఓటు. 'కోఆపరేటివ్ సొసైటీ' అని ఉంటే సహకార సంఘం. మన ఆంధ్ర వైపు సరుకుల మీద 'మ్యూచువల్లీ ఎయిడెడ్ కోఆపరేటివ్' అని కనిపిస్తే అది 1995 చట్టం కింద ఏర్పడిన, ప్రభుత్వ పెత్తనం తక్కువగా ఉండే సంఘం. ఇవేవీ లేకుండా 'మార్కెటెడ్ బై' అని ఒక పేరు, 'మాన్యుఫాక్చర్డ్ బై' అని వేరే ఊళ్లో వేరే పేరు ఉంటే, పేరున్న కంపెనీ తన ముద్ర మాత్రమే వేస్తోందన్నమాట. అది తప్పని కాదు. కానీ పని చేసేవాళ్ల సంగతి అడగాలంటే ఆ రెండో పేరు గురించే అడగాలి.

ఈ అలవాటు వచ్చాక మామూలు కిరాణా కొట్లోనే మంచి సరుకులు దొరుకుతాయి. లిజ్జత్ అప్పడాలు 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన సంస్థవి. ఇప్పటికీ అప్పడాలు ఒత్తే మహిళలే దానికి యజమానులు. పిల్లలకు చాక్లెట్ కొనేటప్పుడు క్యాంప్కో పేరు వెతకండి. 1973లో మంగళూరులో పుట్టిన వక్క, కోకో రైతుల సహకార సంఘం అది. పుత్తూరులో 1986 నుంచి దానికి సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది. పశ్చిమ ఆఫ్రికా కోకో తోటల్లో పిల్లలతో పని చేయిస్తున్నారని దశాబ్దాలుగా వింటున్నాం. మన పక్క జిల్లాల రైతుల సొంత చాక్లెట్ కొట్లోనే ఉండగా అంత దూరం పోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మూడో మెట్టు: ముద్రలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో తెలుసుకోండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నీలం, ఆకుపచ్చ రంగుల్లో చెయ్యెత్తిన మనిషిలా కనిపించేది ఫెయిర్‌ట్రేడ్ ముద్ర. దాని మూలం 1988లో నెదర్లాండ్స్‌లో కాఫీ మీద వేసిన ఒక ముద్ర. దేశదేశాల్లో పుట్టిన అలాంటి ముద్రలన్నీ 1997లో ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఈ ముద్రకు రెండు కాళ్లున్నాయి. ఒకటి కనీస ధర: మార్కెట్ పడిపోయినా రైతుకు అంతకు తగ్గకుండా ఇవ్వాలి. రెండోది ప్రీమియం: ధరకు పైన, రైతుల సంఘానికి వేరుగా వెళ్లే సొమ్ము. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో సంఘమే తేల్చుకుంటుంది. ఉదాహరణకు కడిగిన అరబికా కాఫీకి 2023 ఆగస్టు నుంచి కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు, ప్రీమియం 20 సెంట్లు. 2025 మొదట్లోలా మార్కెట్ ధర 4 డాలర్లు దాటినప్పుడు కనీస ధరతో పెద్దగా పని ఉండదు, ప్రీమియం మాత్రం అందుతుంది. ధర కుప్పకూలిన ఏడాదే ఈ ముద్ర విలువ తెలిసొస్తుంది.

వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ ముద్ర వేరు. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఒక్కో సరుకుకు ఇస్తే, ఇది మొత్తం సంస్థ నడవడిక చూసి ఇస్తారు. హస్తకళల సంస్థల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది.

సేంద్రియ ముద్రలు, అంటే ఇండియా ఆర్గానిక్, జైవిక్ భారత్, పీజీఎస్ లాంటివి, పొలంలో రసాయనం వాడలేదని చెబుతాయి. కూలీకి ఎంత ఇచ్చారో చెప్పవు. వీటిలో పీజీఎస్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది. పెద్ద తనిఖీ సంస్థలకు ఫీజు కట్టలేని చిన్న రైతుకు అందుబాటులో ఉన్న దారి.

ఇక సిల్క్ మార్క్. 2004లో వచ్చిన ఈ ముద్ర నిర్వహణ సెంట్రల్ సిల్క్ బోర్డుది, ఆ బోర్డు ముఖ్య కార్యాలయం బెంగళూరులోనే ఉంది. ఈ ముద్ర చెప్పేది ఒక్కటే, ఇది స్వచ్ఛమైన పట్టు అని. మగ్గం మీద నేశారని కాదు. మరమగ్గం మీద నేసిన పట్టుచీరకు కూడా సిల్క్ మార్క్ ఉండొచ్చు. ఈ తేడా తెలియక నేనే మోసపోయాను. పిన్ని కూతురి పెళ్లికి ఒక పెద్ద దుకాణంలో సిల్క్ మార్క్ చూసి, అమ్మేవాళ్లు 'చేనేతే మేడమ్' అంటే నమ్మి చీర తీసుకున్నాను. ధర్మవరంలో మా మామ దాన్ని తిరగేసి, అంచు వేళ్లతో తడిమి, 'ఇది మరమగ్గం చీర కదమ్మా' అన్నాడు. నేతగాడి కూతుర్ని అయ్యుండి పోల్చుకోలేకపోయానని చాలా బాధేసింది.

మగ్గం మీద నేసినదానికి వేరే ముద్ర ఉంది. అది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. ఖాదీకి ఖాదీ మార్క్. జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఊరినీ పద్ధతినీ కాపాడుతుంది, కూలి సంగతి పట్టించుకోదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు తిండి భద్రతకు సంబంధించింది మాత్రమే. 'ఎకో ఫ్రెండ్లీ', 'గ్రీన్', 'నేచురల్' అని ఊరికే రాసుకోవడం అసలు ముద్రే కాదు. అలాంటి మాటలు వాడితే ఆధారం చూపాలని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. నమ్మశక్యం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ముద్ర ఉన్నవాటిలో అన్నీ మంచివి కావు, ముద్ర లేనివాటిలో మంచివి చాలా ఉన్నాయి. ఫీజులు, కాగితాలు చిన్న సంఘాలకు భారం. అందుకే నేను ముందు సంస్థ ఎవరిదో చూస్తాను, ఆ తర్వాతే ముద్ర.

నాలుగో మెట్టు: వంటింటి నుంచి మొదలుపెట్టండి

పాలతో మొదలుపెడితే తేలిక. కర్ణాటక పాల సమాఖ్య 1974లో మొదలైంది, నందిని దాని బ్రాండు. ఊళ్లో పాల ఉత్పత్తిదారుల సంఘం, జిల్లా స్థాయిలో యూనియన్, పైన సమాఖ్య అని మూడంచెలు. ఆవు ఉన్న రైతే సంఘంలో సభ్యుడు. 2025 ఏప్రిల్‌లో లీటరుకు 4 రూపాయలు పెంచినప్పుడు ఆ పెంపు మొత్తం రైతుకే అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ వారం మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ధర పెరిగిందని గొణుక్కున్నారు. నాకు మాత్రం హొసకోట దాటాక పొద్దున్నే క్యాన్లు పట్టుకుని సంఘం ముందు నిలబడే ఆడవాళ్లు గుర్తొచ్చారు. సహకార సంఘం అయినంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందని కాదు, రాజకీయాలు అక్కడా ఉంటాయి. కానీ అడగడానికి, ఓటు వేయడానికి రైతుకు ఒక చోటు ఉంది. ఆ తేడా చిన్నది కాదు.

కూరగాయలకు హాప్‌కామ్స్ ఉంది. 1959లో ద్రాక్ష రైతుల సంఘంగా పుట్టి, తర్వాత అన్ని పళ్లకూ కూరగాయలకూ విస్తరించింది. ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటుంది. యాప్‌లలో ఉన్నంత తళుకు ఉండదు, సాయంత్రం ఆలస్యంగా వెళ్తే ఆకుకూరలు వాడిపోయి ఉంటాయి. పొద్దున వెళ్లండి.

తోపుడు బండి దగ్గర కొనేవాళ్లు దాన్ని మానాల్సిన పనేమీ లేదు. మా వీధికి వచ్చే ఆకుకూరల అక్క చింతామణి వైపు మనిషి, మనతో తెలుగే మాట్లాడుతుంది. ఆమె దగ్గర బేరం ఆడటం మానేయడమే నేను చేసిన మార్పు. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన పుదీనాకు నోరెత్తకుండా డబ్బు కట్టి, ఇక్కడ కొత్తిమీర కట్ట మీద రెండు రూపాయలు తగ్గించమనడం నాకు సరిగా అనిపించలేదు.

కాఫీ గురించి చెప్పకపోతే బెంగళూరు గురించి చెప్పినట్టే కాదు. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే, కాఫీ బోర్డు ఇక్కడే ఉంది. పొడి కొనేటప్పుడు ముందు చికోరీ శాతం చూడండి. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద రాయాలని నిబంధన. 51 ఉన్న ప్యాకెట్‌నూ 80 ఉన్న ప్యాకెట్‌నూ ఒకే త్రాసులో తూచి 'న్యాయమైన కాఫీ ఖరీదు' అనుకుంటే తప్పు లెక్క వస్తుంది. తర్వాత ఏ తోటదని అడగండి. మన అరకు కాఫీకి 2019లో జీఐ వచ్చింది, కూర్గ్, చిక్కమగళూరు అరబికాలకూ ఆ ఏడాదే వచ్చింది. అరకు కొండల కాఫీ గిరిజన చిన్న రైతులది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, జీసీసీ, వాళ్ల దగ్గర కాఫీ, తేనె కొని అమ్ముతుంది. ఊరికి వెళ్లినప్పుడు రెండు మూడు ప్యాకెట్లు తెచ్చుకుంటే నెలలు వస్తాయి.

బయట కాఫీ తాగాలంటే చర్చ్ స్ట్రీట్‌లో ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లు మూసేస్తుంటే రోడ్డున పడ్డ సిబ్బంది కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ చొరవతో సహకార సంఘాలుగా నిలబడ్డారు. అలాంటి మొదటి సంఘం 1957లో బెంగళూరులోనే పుట్టింది. వడ్డించే మనిషే ఆ సంఘంలో భాగస్వామి అని తెలిశాక ఆ కప్పు రుచి నాకు వేరుగా ఉంది.

చిరుధాన్యాలు, వేరుశనగ నూనెకు మాకు దగ్గర దారి ఒకటుంది. మా ధర్మవరానికి పక్కనే చెన్నేకొత్తపల్లి వైపు 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఉంది. దాని ఆధ్వర్యంలో రైతులే సభ్యులుగా ధరణి అనే సహకార సంఘం ఏర్పడింది. కొర్రలు, సామలు, నూనె 'టింబక్టు ఆర్గానిక్' పేరుతో బెంగళూరు సేంద్రియ దుకాణాలకు వస్తాయి. వానలే సరిగా పడని అనంతపురం నేల మీద వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుని అప్పుల పాలైన ఇళ్లు మా చుట్టాల్లోనే ఉన్నాయి. అదే నేలలో కొర్రలు వేసి నిలదొక్కుకున్న రైతు సరుకు కొనడం నాకు సొంత మనుషులకు చేసిన పనిలా అనిపిస్తుంది.

ఐదో మెట్టు: బట్టలు

ఇక్కడ తొందరపడకండి. ముందు చీర.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులున్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్లకు నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. దీన్ని దృష్టిలో పెట్టుకుని ఒక చిన్న లెక్క వేయండి. నూలు చీర నేయడానికి రెండు రోజులు పట్టిందనుకుందాం. రోజుకు 500 కూలి అనుకున్నా వెయ్యి రూపాయలు. పైన నూలు, అద్దకం, పడుగు పోసే పని, నేతకు ముందు ఆసు తిప్పి నూలు సిద్ధం చేసిన ఇంటి ఆడవాళ్ల శ్రమ, దుకాణం ఖర్చు. మరి 600 రూపాయలకు 'చేనేత చీర' ఎలా వస్తుంది? అది మరమగ్గానిది అయ్యుండాలి, లేదా ఎవరో ఒకరి కూలి ఎగ్గొట్టి ఉండాలి. అందుకే దుకాణంలో నేను అడిగే మొదటి ప్రశ్న, 'ఇది నేయడానికి ఎన్ని రోజులు పట్టింది?' జవాబు తెలిసిన దుకాణదారు వెంటనే చెబుతారు.

చీర, ధోవతి, లుంగీ, తువ్వాలు లాంటి 11 రకాల్లో, నిర్దేశించిన నేత ఉన్నవాటిని మగ్గం మీదే నేయాలని 1985 నాటి చట్టం అంటుంది. అమలు ఎంత బలహీనమో చిక్‌పేటలో ఒక పూట తిరిగితే తెలుస్తుంది. చేత్తో తడిమి చేనేతను పోల్చే చిట్కాలు చాలా ప్రచారంలో ఉన్నాయి. మా మామ మాట ప్రకారం వాటిలో ఏ ఒక్కదాన్నీ నమ్ముకోకూడదు. నేతలో చిన్న చిన్న హెచ్చుతగ్గులు, వెనకవైపు పేక కనిపించే తీరు, హ్యాండ్లూమ్ మార్క్, ధర, అమ్మేవారి మాట, ఇవన్నీ కలిపి చూడాలి.

బెంగళూరులో నమ్మకంగా వెళ్లదగ్గవి: కర్ణాటక చేనేత అభివృద్ధి సంస్థ వారి ప్రియదర్శిని, 1935లో పుట్టిన తమిళనాడు నేతగాళ్ల సహకార సంఘం కో-ఆప్టెక్స్, శివమొగ్గ జిల్లా హెగ్గోడు దగ్గర చరక అనే మహిళల సహకార సంఘం నేసి, ప్రకృతి రంగులు అద్దిన బట్టలు అమ్మే 'దేసి'. కర్ణాటక పట్టు పరిశ్రమల సంస్థ, కేఎస్ఐసీ, అమ్మే మైసూరు సిల్క్ గురించి చాలామంది అడుగుతారు. అది చేనేత కాదు, యంత్రం మీద నేసిందే. అయితే ప్రభుత్వ సంస్థ కాబట్టి అక్కడ పని చేసేవాళ్లకు ఉద్యోగ భద్రత ఉంటుంది, చీర మీద నంబరు ఉంటుంది. ఏమిటో తెలిసి కొనండి, అంతే. ఖాదీ ఇష్టమైతే ఇంకా మంచిది. 2025 ఏప్రిల్ నుంచి నూలు వడికేవారికి చిలపకు, అంటే ఒక నూలు చుట్టకు, 12.50 ఉన్న కూలిని 15 రూపాయలు చేశారు. ఇంతా చేసి అది 15 రూపాయలే అని గుర్తుంటే ఖాదీ ధర మీద గొణగబుద్ధి కాదు.

నేరుగా నేతగాడి దగ్గర కొనాలంటే మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి, ధర్మవరం వాళ్లు ఫోన్‌లో ఫొటోలు పంపి అమ్ముతున్నారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు సగం డబ్బు ముందే పంపండి. ఫెయిర్ ట్రేడ్ నియమాల్లో ముందస్తు చెల్లింపు కూడా ఒకటి, దానికి కారణం ఉంది. పెట్టుబడి చేతిలో లేకే నేతగాడు షావుకారు దగ్గర చిక్కుకుంటాడు. నెల గడువు ఇవ్వండి, మధ్యలో 'అయిందా అన్నా, అయిందా' అని ఒత్తిడి పెట్టకండి.

కుట్టిన బట్టల సంగతి కష్టం. బెంగళూరు గార్మెంట్స్‌లో లక్షలమంది పని చేస్తారు, ఎక్కువమంది ఆడవాళ్లు. పీఎఫ్ డబ్బు తీసుకోవడం మీద ఆంక్షలు పెట్టారని 2016 ఏప్రిల్‌లో వేలమంది రోడ్డెక్కారు, కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. చవక చొక్కా వెనక ఇలాంటి కథలు ఉన్నా, చొక్కా మీద వాటి జాడ కనిపించదు.

లేబుల్‌లో గాట్స్ (GOTS) అని ఉంటే సేంద్రియ నూలుతో పాటు కార్మికుల పరిస్థితి కూడా చూశారని అర్థం. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అయితే బట్టలో హానికర రసాయనాలు లేవని మాత్రమే. మెరుగైన పద్ధతుల్లో పండించిన దూది అని చెప్పే 'బెటర్ కాటన్' ముద్ర విషయంలో జాగ్రత్త. అందులో ఎక్కువగా, ఆ దూది మామూలు దూదితో కలిసిపోయినా మొత్తం పరిమాణం లెక్క సరిపోతే చాలనే పద్ధతి నడిచింది కాబట్టి మీ చొక్కాలో ఉన్న దూది ఆ పొలానిదే అని చెప్పలేం. ఇవేవీ దొరకనప్పుడు నేను చేసేది ఒక్కటే, తక్కువ కొనడం, చిరిగితే మా సందులో దర్జీకి ఇచ్చి కుట్టించుకోవడం.

బొమ్మలకు చన్నపట్న వెళ్లండి, మైసూరు దారిలో 60 కిలోమీటర్లు. మన ఏటికొప్పాక బొమ్మల్లాగే అక్కడా అంకుడు కర్ర, లక్క రంగులే. దసరా బొమ్మల కొలువుకు, ఆఫీసులో ఇచ్చే దీపావళి కానుకలకు రెండు ఊళ్ల బొమ్మలూ కలిపి పెట్టండి.

ఆరో మెట్టు: అడగండి, మర్యాదగా, ప్రతిసారీ

'ఇదు ఎల్లింద బరుత్తె?' అంటే ఇది ఎక్కడి నుంచి వస్తుంది అని. ఈ ఒక్క కన్నడ వాక్యం నాకు చాలా పని చేసిపెట్టింది. దుకాణదారును నిలదీస్తున్నట్టు కాకుండా, ఆసక్తితో అడగండి. మొదటిసారి తెలియదంటారు. నాలుగోసారి అడిగేసరికి, మా కిరాణా అన్న 'అక్కా, మీరు అడుగుతారని హోల్‌సేల్ వాడిని కనుక్కున్నా' అన్నాడు.

పెద్ద కంపెనీలకు వేరే పద్ధతి. స్టాక్ మార్కెట్లో విలువ ప్రకారం తొలి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి తమ సామాజిక, పర్యావరణ బాధ్యతల మీద బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదికతో పాటు దొరుకుతుంది. వందల పేజీలు చూసి భయపడొద్దు. మూడు సంగతులు వెతికితే చాలు: కార్మికుల్లో ఎంతమందికి కనీస వేతనం కంటే ఎక్కువ ఇస్తున్నారు, వేతనాలు, బాల కార్మికుల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ముడిసరుకులో ఎంత శాతం చిన్న ఉత్పత్తిదారుల దగ్గర నేరుగా కొన్నారు. మనం కొనే రెండు సబ్బు కంపెనీల నివేదికలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. అయితే కంపెనీ గేటు బయట, దానికి సరుకు చేసిపెట్టే చిన్న యూనిట్ల సంగతి అందులో పెద్దగా ఉండదు. దాని గురించి వినియోగదారుల విభాగానికి మెయిల్ రాయండి. నేను రాసినవాటిలో సగానికి జవాబు రాలేదు. అయినా రాస్తూనే ఉన్నాను.

సేవలు కూడా కొనుగోళ్లే. ఆటోకు నమ్మ యాత్రి వాడతాను. 2022 నవంబరులో బెంగళూరులో మొదలైన ఈ యాప్ ఛార్జీలో శాతం లెక్కన కమీషన్ కోయదు. డ్రైవర్ అన్న కట్టే చిన్న నిర్ణీత రుసుము తప్ప మీటరు డబ్బు ఆయనకే. ఇంట్లో పని చేసే ఆమెకు వారానికి ఒక రోజు సెలవు, పండగకు ఒక నెల జీతం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బయట ఎంత న్యాయంగా కొన్నా, ఇంట్లో ఆమె సెలవు పెట్టిన రోజు జీతం కోస్తే నాకు మనసొప్పదు.

ఏడో మెట్టు: నలుగురు కలిస్తే

చిన్న రైతు సంఘానికి ఒక్క ఇంటికి రెండు కిలోలు పంపడం గిట్టదు. మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో పదకొండు ఇళ్లు కలిసి రెండు నెలలకొకసారి కొర్రలు, కందిపప్పు, వేరుశనగ నూనె కలిపి ఆర్డర్ పెడతాం. డబ్బు ముందే వసూలు చేసి పంపేస్తాం. సరుకు వచ్చిన రోజు ఒకరి పార్కింగ్‌లో పంచుకుంటాం. ఇందులో కష్టమైన పని లెక్క రాయడం. అది ప్రతి నెలా ఒకరే చేస్తే అలసిపోతారు, వంతులు పెట్టుకోండి.

ఖర్చు ఎంత పెరుగుతుందని అందరూ అడుగుతారు. మా ఇంట్లో మొదటి మూడు నెలలు నెలకు 700 రూపాయల దాకా పెరిగింది. తర్వాత బిస్కెట్లు, కూల్ డ్రింకులు, అనవసరంగా కొనే బట్టలు తగ్గాక దాదాపు పాత లెక్కకే వచ్చింది. నెలాఖరుకు టెన్షన్ పడే ఇంటికి ఈ 700 కూడా పెద్దదే. అలాంటప్పుడు ఒక్క వస్తువే మార్చండి. నందిని పాలు, హాప్‌కామ్స్ కూరగాయలు, లిజ్జత్ అప్పడాలు దొరికే ధరలకు అదనపు భారం ఉండదు.

సరుకు బాగోలేకపోతే

ఇది ఎవరూ చెప్పరు, కానీ తప్పకుండా ఎదురవుతుంది. చిన్న సంఘాల సరుకులో ఒక్కోసారి లోపం ఉంటుంది. గత వానాకాలంలో ఒక రైతు సంఘం నుంచి తెప్పించిన కొర్రల్లో పురుగు కనిపించింది. గ్రూపులో ఇద్దరు ఇక చాలు మానేద్దామన్నారు. నేను ప్యాకెట్ వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తినామె గొంతులో కంగారు వినిపించింది. బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన తేదీ అడిగి రాసుకుంది. వారం తర్వాత తనే ఫోన్ చేసి, గోదాములో ఒక మూల తేమ పట్టిందని, ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పించామని చెప్పింది. పదకొండు ఇళ్లకూ కొత్త ప్యాకెట్లు పంపించారు. రెండు నెలల తర్వాత వచ్చిన ఆర్డర్‌లో మానేద్దామన్న ఆ ఇద్దరి పేర్లు కూడా ఉన్నాయి.